ట్రాలీ ఆటోల గేరు నూనె – దానిని మార్చు విధము

మన సంఘ సభ్యులలో ఎడ్లబండి యున్నవారు నేడు మిక్కిలి తక్కువ. ఉప్పలు, పీర్జాదిగూడ, పర్వతాపురము, కాచివాని సింగారము మొదలగు మూసీ తీరపు గ్రామములనుండి పచ్చిగడ్డియు, ఆకుకూరలును పట్టణమునకు చేర్చు పనిలో పెద్దపాలు ఇప్పుడు మూడు చక్రముల మోటారు బండ్లదే. వీనినే మనవైపు ట్రాలీ ఆటోలని పిలుచుచున్నారు. ఎడ్లబండి యిరుసునకు కందెన వేయుట రైతు మఱచినను బండి మఱవనిచ్చెడిది కాదు. దారిపొడుగునను అఱచి చెప్పెడిది. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అను సామెత ఊరక పుట్టలేదు. ట్రాలీ ఆటో గేరు పెట్టెకు అట్టి నోరు లేదు. లోపలి నూనె చెడినను, తగ్గినను, అది నెలల తరబడి మాఱుమాట లేక పనిచేయును. అది అఱచునాటికి లోపలి చక్రముల పండ్లు అరిగి యుండును. అటుపిమ్మట క్రొత్త నూనె ఎంత పోసినను అరిగిన ఇనుము మఱల మొలవదు.

ఆ పాతకాలపు కందెన ఆముదమునందు కాల్చిన గడ్డిమసి కలిపి ఇంటియొద్దనే చేసికొనెడివారు. నల్లగొండ, మహబూబునగరము జిల్లాల మెట్టభూములలో ఆముదపు పైరు పేరుగాంచినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున విమానముల యంత్రములకు సైతము ఆముదమునే కందెనగా వాడిరి. ఇంగ్లండులో 1909వ సంవత్సరమున ఒక నూనె వర్తకసంఘమువారు తమ సరకునకు పెట్టుకొన్న కాస్ట్రాలు అను పేరు, ఆముదమునకు ఇంగ్లీషువారు చెప్పు కాస్టరు అను మాటనుండి వచ్చినదే. కావున కందెన విషయమున రైతునకు క్రొత్తగా నేర్పవలసినది కొంచెమే. కంటికి కనబడని చోటనున్న కందెనను ఎట్లు కనిపెట్టవలయునో, ఎప్పుడు మార్చవలయునో మాత్రము తెలిసికొనవలసి యున్నది.

ముందుగా ఆ పెట్టెలో జరుగు పని యేమి? ఇంజను నిమిషమునకు వేలకొలది మార్లు తిరుగును. బండి చక్రము తిరుగవలసినది కొన్ని వందల మార్లే. ఆ వేగమును తగ్గించి, తగ్గించిన కొలది బలమును పెంచి చక్రములకు అందించునవి గేరు పెట్టెలోని పండ్లచక్రములు. మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను గదా! ఆ భేదమును సరిపెట్టు డిఫరెన్షియలు అను భాగమును మన ట్రాలీ ఆటోలలో అనేకమునకు గేరు పెట్టెతో కలిసి ఒకే గూటియందు ఉండును. అనగా ఒక్క నూనెయే రెండింటికిని పోషకము. అర టన్ను గడ్డిమోపులు ఎక్కించిన బండి ఎత్తు ఎక్కుచున్నపుడు, ఆ భారమంతయు ఒక క్షణమునందు ఒకటి రెండు పండ్ల అంచులమీదనే నిలుచును. ఆ పండు ఈ పండును తాకుచోట నూనెపొర వెంట్రుక కన్నను ఎన్నో రెట్లు పలుచన. ఆ పొర యున్నంతకాలము ఇనుము ఇనుమును నేరుగా ఒరయదు. పొర తెగిన క్షణమునుండి అరుగుదల ఆరంభమగును.

ఇంజను నూనెను మార్చుటలో మనవారు శ్రద్ధగలవారే. అది నల్లబడును, తగ్గును, తగ్గినపుడు ఇంజను వేడెక్కి తెలియజేయును. "గేరు నూనె మంటయొద్దకు పోదు గదా, అది ఏల చెడవలయును?" అని అడుగువారు పెక్కుమంది. మంచి ప్రశ్నయే. గేరు నూనె కాలిపోదు, నిజమే, కాని నలిగిపోవును. పండ్ల నడుమ లక్షలకొలది మార్లు నలిగి దాని చిక్కదనము క్రమముగా తగ్గును. ఒత్తిడిని తట్టుటకై నూనెలో కలిపిన గంధకము, భాస్వరముల సమ్మేళనములు పనిచేయుచు పనిచేయుచు తఱిగిపోవును. పండ్లనుండి రాలిన ఇనుపపొడి నూనెలోనే తిరుగుచు ఆకురాయివలె మిగిలిన పండ్లను అరగదీయును. ఇంజనునకు నూనెను వడపోయు జల్లెడ యుండును; ఈ గేరు పెట్టెలలో అనేకమునకు అట్టిది లేదు. కావున పొడి వెలికిపోవుటకు మార్గము నూనెను మార్చుట యొక్కటే.

ఎన్ని కిలోమీటర్లకు మార్చవలయునను ప్రశ్నకు జవాబు బండి కొన్ననాడు ఇచ్చిన చిన్న పుస్తకమునందు కలదు. బండి బండికిని అది వేఱు. క్రొత్తబండికి మొదటిమార్పు మిక్కిలి త్వరగా చేయవలసి యుండును; క్రొత్త పండ్లు ఒకదానికొకటి అమరుకొనునపుడు పొడి యెక్కువగా రాలును. ఆ పిమ్మటి గడువు దీర్ఘము. పుస్తకమునందు పదివేల కిలోమీటర్లని వ్రాసి యున్నదనుకొనుడు. దినమునకు 60 కిలోమీటర్లు తిరుగు బండికి ఆ గడువు 167 దినములు, అనగా అయిదున్నర నెలలు. మనవారిలో అనేకులు ఏడాదికొకమాఱు, బండి యోగ్యతా పరీక్షకు పోవు ముందు మాత్రమే దీనిని తలచుకొందురు. అప్పటికి రెండు గడువులు దాటిపోయినవన్నమాట.

పైగా ఆ పుస్తకము వ్రాసినవారు తలచిన దారులు వేఱు, మన దారులు వేఱు. ఉప్పలు కూడలియొద్ద ఉదయకాలమున మొదటి గేరు, రెండవ గేరు తప్ప మూడవది పడదు. ఉప్పలునుండి నారపల్లివఱకు 2018లో మొదలైన పైవంతెన పని ఏండ్లకొలది సాగి, ఆ వరంగల్లు బాటయందు గుంతలకు లెక్కలేకుండ చేసినది. నాచారము పారిశ్రామిక వాడలోని దుమ్ము సంగతి అక్కడికి పోయి వచ్చు వారెఱుగుదురు. ఇక బరువు మాట. తడిగడ్డి తూకమును ఎవరును చూడరు. కట్టల లెక్కయే చూతురు. వానకాలపు గడ్డికట్ట వేసవికట్టకన్న ఎంత బరువో మోసిన భుజమునకు తెలియును, బండి గేర్లకును తెలియును. ఇట్టి తిరుగుడు గల బండికి పుస్తకపు గడువులో మూడింట రెండుపాళ్లకే నూనె మార్చుట మేలని మా అభిప్రాయము. అనేక పుస్తకములలో కఠినమైన వాడుకకు గడువు తగ్గించుకొనవలెనని వ్రాసియే యుండును. ఆ పంక్తిని చదువువారు అరుదు.

నీటి విషయము ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. 2020 అక్టోబరు 13వ తేదీని ఘట్కేసరు ప్రాంతమున ఒక్క దినముననే సుమారు 32 సెంటీమీటర్ల వాన కురిసినది. ఉప్పలు, రామంతాపురముల పల్లపు కాలనీలలో బండ్లు నీటిలో మునిగినవి. అంతటి వాన ఏటేట రాకపోవచ్చును. కాని చక్రపు నడిమివఱకు నీరు నిలిచిన బాటను దాటుట ప్రతి వానకాలమునను జరుగుచునే యున్నది. గేరు పెట్టె పైభాగమున గాలి పోవుటకు సన్నని రంధ్రమొకటి యుండును. లోపల వేడికి గాలి వ్యాకోచించినపుడు ఆ దారిని వెలికి పోవును. వేడెక్కిన పెట్టె చల్లని నీటిలో దిగినయెడల లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకొని వెలుపలినుండి లోనికి పీల్చును. పీల్చునపుడు ఆ రంధ్రముకాని, ఇరుసుల యొద్ద అరిగిన రబ్బరు సీలు కాని నీటియందు మునిగి యున్నచో, లోనికి పోవునది గాలి కాదు, నీరు. నీరు చేరిన నూనె చిలికిన మజ్జిగవలె తెల్లబడును. అది పండ్లమీద పొరగా నిలువదు. పైగా బేరింగులకు త్రుప్పు పట్టించును. కావున లోతునీటిని దాటిన బండికి కిలోమీటర్ల లెక్క చూడక, ఆ వారముననే నూనె తీసి చూడవలయును. ఆ గాలిరంధ్రము బురదతో పూడినను కీడే. లోపలి గాలికి దారి లేక సీళ్లను త్రోసికొని నూనె కాఱును. బండిని నీటితో కడిగించిన ప్రతిమాఱును ఆ రంధ్రమును గుడ్డతో తుడుచుట అలవాటు చేసికొనుడు.

ఇక ఏ నూనె పోయవలయును? కష్టపడి సంపాదించిన డబ్బు వ్యర్థమగుచున్నది ముఖ్యముగా ఇచ్చటనే. అంగడిలో "గేరాయిలు" అని అడిగినచో వర్తకుడు చేతికి దొరికిన డబ్బా నిచ్చును. డబ్బామీది అంకెలను మనమే చదువవలయును.

మొదటి అంకె చిక్కదనమునకు గుఱుతు. ఎస్.ఏ.ఇ. 90 అనియో, 80 డబ్ల్యూ 90 అనియో ఉండును. డబ్ల్యూ అక్షరము ముందున్న అంకె గడ్డకట్టు చలిదేశముల కొఱకు. మన హైదరాబాదునందు చలికాలపు రాత్రులును పది డిగ్రీలకు దిగువకు పోవుట అరుదు గనుక, దానిని గూర్చి మనకు చింత అక్కఱలేదు. వెనుకనున్న 90 యే మనకు ముఖ్యము. ఇచ్చట పెక్కుమంది పొరబడుచున్నారు. ఇంజను నూనె డబ్బాపై 40 అనియో 50 అనియో ఉండుటచూచి, 90 అంకె గల గేరు నూనె దానికి రెండింతలు చిక్కన యని తలతురు. అట్లు కాదు. ఇంజను నూనెలకొక కొలబద్ద, గేరు నూనెలకొక కొలబద్ద. నూఱు డిగ్రీల వేడియందు కొలిచినచో గేరు నూనెలలో 90 అనునది ఇంజను నూనెలలోని 40, 50 అంకెల నడుమనే పడును. శేరు, కిలో వేఱువేఱు కొలతలైనట్లే ఇదియును.

అట్లయినచో ఇంజను నూనెనే గేరు పెట్టెలో పోయరాదా యను ప్రశ్న కలుగును. చిక్కదనము ఒక్కటైనను గుణము వేఱు. గేరు నూనెయందు మీద చెప్పిన గంధక భాస్వరముల మందులు మిక్కుటముగా నుండును. పండ్లు ఒరయు వేడికి అవి లోహముమీద ఒక పైపూత నేర్పఱచును. గేరు నూనెను చెడువాసననుబట్టి గుర్తించుటకు కారణము ఆ గంధకమే. ఆ మందు ఎంత కలదో తెలుపు అంకె జి.ఎల్. 4, జి.ఎల్. 5 అని డబ్బామీద ఉండును. అయిదు నాలుగుకన్న పెద్దది గనుక అయిదే మేలని కొనువారున్నారు. అయిదవ తరగతిలో మందు సుమారు రెండింతలు. కాని బండిలో ఇత్తడి, కంచు భాగములున్నయెడల ఆ అధికమైన మందు వానిని తినివేయవచ్చును. పుస్తకము నాలుగు అన్నచో నాలుగే పోయుడు, అయిదు అన్నచో అయిదే పోయుడు.

మఱియొక భేదము. కొన్ని బండ్లలో క్లచ్చి పలకలు గేరు నూనెలోనే మునిగి తిరుగును. కొన్నిటిలో క్లచ్చి పొడిగా వేఱు గూటియందు ఉండును. కొన్నింటియందు ఇంజనునకును గేర్లకును ఒకటే నూనె. నూనెలో మునిగిన క్లచ్చికి మిక్కిలి జారుడు గుణముగల నూనె పోసినచో క్లచ్చి పట్టు తప్పును; ఇంజను అఱచును గాని బండి కదలదు. డీజిలు బండి యని, పెట్రోలు బండి యని చూచి దీనిని నిర్ణయించుటకు వీలులేదు. ఇటలీదేశపు పియాజియోవారు 1948లో తొలి మూడు చక్రముల బండిని చేసి ఆపే యని పేరిడిరి. వారి భాషలో తేనెటీగ యని దాని యర్థము. 1999లో మహారాష్ట్రమునందలి బారామతిలో కర్మాగారము పెట్టి మనకును అందించిరి. అదే సంస్థతో మునుపు పొత్తు చేసికొని 1960 ప్రాంతమున బజాజువారు మన దేశమున ఆటోలను ఆరంభించిరి. ఆనాటినుండి నేటివఱకు ఒకే పేరుతో వచ్చిన బండ్లలోనే లోపలి యేర్పాటు పలుమార్లు మాఱినది. కావున పొరుగువాని బండికి పోసిన నూనె మన బండికి తగునని తలపరాదు. పుస్తకము పోయినయెడల బండి నమూనా పేరును, సంవత్సరమును చెప్పి, అమ్మిన సంస్థవారి సేవాశాలయందు అడిగి తెలిసికొనుడు.

నూనెను ముద్ర చెడని డబ్బాలోనే కొనవలెను. పీపాలనుండి లోటాతో కొలిచి యిచ్చు నూనె ఏదియో, ఎవరు వాడి తీసినదో చెప్పుటకు వీలులేదు. వాడిన నూనెను వడగట్టి, రంగువేసి అమ్ముట కలదు.

మార్చు విధము కష్టమైనది కాదు. పానా, గరాటు, వెడల్పైన తొట్టి, గుడ్డపీలికలు, ఒక క్రొత్త వాషరు, సరిపడు నూనె ఉన్నచో గంటలో ముగియును. ముందు బండిని నాలుగైదు కిలోమీటర్లు నడిపి రండు. వెచ్చనైన నూనె సులభముగా దిగును. అడుగున పేరుకొన్న పొడిని కూడ వెంట తెచ్చును. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, చక్రములకు రాళ్లు పెట్టుడు. వాలునందు నిలిపినచో నూనె కొంత లోపలనే నిలిచిపోవును, పిమ్మట పోయునపుడు కొలతయు తప్పును. పెట్టె వెలుపలి మట్టిని తుడిచిన తరువాతనే బోల్టులమీద చేయి వేయుడు.

మొట్టమొదట విప్పవలసినది క్రింది బోల్టు కాదు, నూనె పోయు పైబోల్టు. ఏలయన, ఉన్న నూనెను దించివేసిన పిదప పైబోల్టు త్రుప్పుపట్టి ఊడిరాకపోయినచో, నూనెలేని బండితో చిక్కుపడుదురు. పైది తేలికగా విడివడినదని చూచుకొని, తొట్టి నుంచి, క్రిందిబోల్టును విప్పుడు. ఇరువది నిమిషములు కాఱనిండు. తొందరపడి కిరసనాయిలు పోసి కడుగువారు కలరు. మూలలందు నిలిచిన కిరసనాయిలు క్రొత్త నూనెను పలుచన చేయును గనుక అది తగదు.

దిగిన నూనెను పాఱవేయు ముందు దానిని చదువవలయును. వైద్యుడు నాడి చూచుట వంటిదే ఇదియును. వ్రేళ్ల నడుమ రుద్ది చూచినపుడు మెత్తని నల్లని పొడి తగిలినచో భయము లేదు. అది వాడుకవలని అరుగుదల. కొన్ని బోల్టుల కొనయందు అయస్కాంతము ఉండి ఆ పొడిని జుట్టువలె పట్టియుంచును. రేకువంటి ఇనుప పలుకులు కనబడినచో పండ్లో బేరింగులో చిట్లుచున్నవని గ్రహించి, మేస్త్రీకి వెంటనే చూపవలయును. బంగారు రజనువలె మెఱసినది ఇత్తడి. తెల్లని నురుగు నీటికి గుఱుతు. అట్టి నూనె దిగినచో క్రొత్తనూనె పోసి వారము నడిపి మఱల ఒకమాఱు మార్చుట మంచిది. మొదటి మార్పుతో నీరంతయు పోదు. నూనె ఎంత దిగినదో కొలుచుట కూడ మఱవరాదు. పుస్తకమునందు చెప్పినదానికన్న తక్కువ దిగినయెడల అది ఎక్కడనో కాఱుచున్నది. ఇరుసులు పెట్టెలోనికి పోవుచోట తడిమి చూచినచో సీలు దొరికిపోవును. ఒక సీలు వెల కొన్ని పదుల రూపాయలో, వందయో. గేరు పెట్టెను విప్పి కట్టుటకు వేలు కావలెను. ఆ పని నడుచు దినములలో కోసిన తోటకూర, పాలకూర పొలమునందే వాడిపోవుట వేఱు నష్టము. పాలవాడలకు దినదినము గడ్డి పోయువారికైతే వాడుకయే చేజాఱును.

క్రిందిబోల్టునకు క్రొత్త వాషరు వేసి బిగింపుడు. పెట్టె తేలిక లోహముతో చేసినది గనుక బలము చూపరాదు. మర పోయినచో బోల్టు నిలువదు. గరాటుతో మెల్లగా నూనె పోయుడు. కొన్ని బండ్లకు కొలపుల్ల కలదు. కొన్నింటికి ప్రక్కరంధ్రమునుండి నూనె తొణుకువఱకు పోయవలెను. ఎక్కువ పోసినచో ఎక్కువ మేలు కాదు. లోపల చిలుకబడి నురుగు కట్టి వేడెక్కును, సీళ్లను త్రోయును. పోసిన పిదప బండిని కొంతదూరము అన్ని గేర్లలోను నడిపి, నిలిపి, క్రింద చుక్క పడుచున్నదేమో చూడుడు. మార్చిన తేదీని, కిలోమీటర్ల అంకెను తలుపు లోపలివైపున రంగుతో వ్రాసికొనుట మంచి పద్ధతి. పుస్తకములు పోవును, తలుపు పోదు.

విద్యుత్తు ట్రాలీ ఆటో కొన్నవారు తమకిది అక్కఱలేదని తలచుచున్నారు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుద్వాహనములకు రోడ్డు పన్ను మినహాయించిన పిదప అట్టి బండ్లను గూర్చి మనవారిలో విచారణ పెరిగినది. వానిలో ఇంజను నూనె లేదు, నిజమే. కాని మోటారు వేగమును తగ్గించు పండ్లచక్రముల పెట్టె వానియందును కలదు, అందును నూనె కలదు. కొలత తక్కువ, గడువు దీర్ఘము కావచ్చును గాని నీటి భయము మాత్రము అందఱికిని ఒక్కటే.

చివరకు ఆ తొట్టిలోని పాతనూనె మాట. దానిని కాలువలో పోయుట, గట్టుమీద పోయుట, చెదలకని చెట్టు మొదట పోయుట మనవైపు చూచుచున్నాము. పేలు పోవునని గేదెల మేనికి పూయువారును కలరు. గేదె నాకినచో లోనికి పోవునది లోహపుపొడియు, గంధకపు మందులును. నూనె చేరిన మడిలో వేళ్లకు గాలియాడదు, నీరు ఇంకదు. 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమములలో వాడిన నూనె అపాయకరమైన వ్యర్థముగా లెక్కింపబడినది. 2024 ఏప్రిలునుండి నూనె తయారుచేయువారే వాడిన నూనెను మఱల సేకరించి శుద్ధి చేయించు బాధ్యత వహింపవలెనను ఏర్పాటు అమలునకు వచ్చినది. కావున ఖాళీయైన క్రొత్తడబ్బాలోనే పాతనూనెను పోసి మూతపెట్టి, నీరు గాని కిరసనాయిలు గాని కలుపక దాచి, నూనె కొన్న చోటనో సేవాశాలయందో అప్పగింపుడు. ఒక్కొక్కరి లీటరు కొఱకు ఎవరును రాకపోయినచో, నలుగురైదుగురు సభ్యులు ఒకే వారమున నూనె మార్చుకొని, పాతనూనెను ఒక్కచోట చేర్చి, అధికారముగల శుద్ధికర్తల మనిషిని పిలిపించుట సులభము.